మన పిల్లల సూదులు మన హక్కు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన మీతో ఈరోజు భూమి గురించి కాదు, చంటిపిల్లల గురించి మాట్లాడతా.

పసిబిడ్డకు జ్వరం. పాలు తాగదు, వాంతులు, మాడు ఉబ్బుతది, ఫిట్స్ వస్తయ్. మనోళ్లు "గాలి సోకింది" అంటరు. అది మెదడు పొరలకు పట్టిన బ్యాక్టీరియా జబ్బు, మెనింజైటిస్ కావచ్చు. అప్పుడు గంటలే లెక్క. బతికినా కొందరికి చెవుడు, మూర్ఛ మిగిలిపోతయ్.

చిన్నపిల్లల్లో దీన్ని ఎక్కువగా తెచ్చేవి హిబ్, న్యూమోకాకస్ అనే క్రిములు. రెండింటికీ టీకాలున్నయ్. ఆఫ్రికాలోని గాంబియా మనకంటే పేద దేశం. అక్కడ టీకాకు ముందు ఏడాదిలోపు పిల్లల్లో లక్షకు 200 మందికి పైగా హిబ్ మెనింజైటిస్ వచ్చేది. 1997లో టీకా మొదలుపెట్టారు. 2002 నాటికి ఆ లెక్క సున్నా. ఎందుకంటే టీకా వేసుకున్న బిడ్డ గొంతులో ఆ క్రిమి నిలవదు, పక్క బిడ్డకు అంటదు. అంటే తండాలో అందరూ వేయిస్తేనే అందరికీ కాపు.

మన దేశంలో హిబ్ ఉన్న పెంటావాలెంట్ 2011లో కేరళ, తమిళనాడుల్లో మొదలై తర్వాత అన్ని రాష్ట్రాలకు వచ్చింది. న్యూమోకాకల్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది. ప్రైవేటులో ఒక్క డోసుకే వేలు అడిగే సూది, సర్కారు దవాఖానలో ఉచితం.

గుర్తుపెట్టుకోండి. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. న్యూమోకాకల్ 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు. పుట్టగానే వేసే బీసీజీ, టీబీ వల్ల వచ్చే మెదడు జబ్బు నుంచి కాపాడుతది. ఆలస్యమైందని వదిలేయకండి, ఏడాదిలోపు మొదలుపెట్టొచ్చు. సూది వేసినంక ఒకట్రెండు రోజులు జ్వరమొస్తే భయపడొద్దు. టీకా ప్రతి మెదడు జ్వరాన్నీ ఆపదు. గుర్తులు కనబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

అసలు చిక్కు వలస. ఇటుక బట్టీలకు పోయిన కుటుంబాల పిల్లలకు రెండో, మూడో డోసు తప్పిపోతది. పోయేటప్పుడు బట్టలతో పాటు టీకా కార్డు కూడా మూటగట్టుకోండి. ఏ ఊర్ల ఉన్నా అక్కడి ఏఎన్ఎం దగ్గర వేయించండి.

అధికారులను మనం అడిగేది ఒక్కటే: మా తండా దాకా రండి, వచ్చే తేదీ ముందే చెప్పండి. ఇది దయ కాదు, హక్కు.

ఇయ్యాల ఇంటికి పోయి ముందు కార్డు తీసి చూడండి. ఏ గడి ఖాళీగా ఉందో మీకే తెలుస్తది.