కోడిపిల్లలను గూటికి మార్చు సమయము


పంచిపెట్టిన కోడిపిల్లలు గూటిలో మొదటి రాత్రియే చచ్చుటకు చలియే తఱచు కారణము. బ్రూడరునుండి మార్చుటకు దినములను లెక్కించుట చాలదు, ఈకలను చూడవలెను. మొదటివారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమి నుంచి, వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింతురు. మెడను, ఱొమ్మున నూగు రాలి ఈకలు నిండుటకు సామాన్యముగా ఐదాఱు వారములు పట్టును. మే నెలలో కోస్తా గ్రామములందు కొంత ముందుగానే మార్చవచ్చును. డిసెంబరులో అరకు కొండలందు తొందర కూడదు.

మార్చుటకు ముందు ఒక రాత్రి దీపము నార్పి, నడిరేయిని, తెల్లవారుజామున చూడవలెను. పిల్లలు ఒకదానిపై నొకటి గుమిగూడినచో వెంటనే వెలిగింపవలెను. లేనిచో అడుగునున్నవి ఊపిరాడక చచ్చును. పగటి యెండను నమ్మరాదు.

అట్లని వాటిని వంటయింట నుంచుటయు తగదు. రెట్టనుండి సాల్మొనెల్లా సూక్ష్మజీవి పసిబిడ్డలకు సోకవచ్చును. తాకినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తనిఖీకి పోవు ఉద్యోగి గూటి నేల పొడిగా నున్నదా యని ముందు చూచుట మేలు.