పన్ను గొడవ పారిస్ దాకా ఎలా వెళ్లింది?

ఆర్బిట్రేషన్ అంటే రెండు కంపెనీల మధ్య వ్యవహారం అనుకుంటాం. ప్రభుత్వం మీద కూడా నడుస్తుందా? నడుస్తుంది. కెయిర్న్ కేసే చూడండి.

ఆ బ్రిటన్ కంపెనీ 2006లో తన భారత వ్యాపారాన్ని ఒక కొత్త కంపెనీ కిందకి మార్చింది. 2012లో మనవాళ్లు పన్ను చట్టాన్ని పాత తేదీల నుంచే వర్తించేలా సవరించారు. దాని ఆధారంగా 2015లో రూ.10,247 కోట్లు కట్టమన్నారు, తర్వాత కంపెనీ షేర్లు కూడా అమ్మేశారు.

కంపెనీ భారత్-బ్రిటన్ పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. 2020 డిసెంబరులో గెలిచింది. భారత్ 120 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలన్నారు. ఇవ్వకపోతే? న్యూయార్క్ ఒప్పందం ఉంది కాబట్టి వేరే దేశాల కోర్టుల ద్వారా వసూలుకు దిగొచ్చు. 2021లో పారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తులు అలాగే కోర్టు పట్టులోకి వెళ్లాయి. ఆగస్టులో పార్లమెంటు ఆ పాత తేదీ పన్నును ఎత్తేసింది, సుమారు రూ.7,900 కోట్లు వెనక్కి వెళ్లాయి. అదంతా ప్రజల డబ్బేనండీ!

పన్ను వేసే హక్కు ప్రభుత్వానిదే, కాదనను. కానీ లావాదేవీ అయిపోయాక లెక్క మారిస్తే ఎవరు నమ్ముతారు? 2016 నమూనా ఒప్పందంలో పన్నులను ఆర్బిట్రేషన్‌కు అందకుండా చేశారు. సరే, ఆ తలుపు మూశాం. అలాంటప్పుడు మన చట్టం స్పష్టంగా, మన కోర్టు త్వరగా ఉండాలి కదా? ఆలోచించండి.