చెయ్యి వణికితే గాలి సోకిందనుకోకండి



25 ఏళ్ల కుర్రవాడికి చెయ్యి వణుకుతుంది. మాట ముద్దగా వస్తుంది. చొంగ కారుతుంది. అన్నం ముద్ద నోటికి చేరేలోపు సగం కింద పడుతుంది. ఇరుగుపొరుగు తాగుడంటారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఈలోగా జబ్బు ముదిరిపోతుంది.

ఇలాంటివారిలో కొందరికి ఉండేది విల్సన్ జబ్బు. 1912లో విల్సన్ అనే డాక్టరు దీన్ని వివరించారు. మనం తినే ఆహారంలో కొద్దిగా రాగి ఉంటుంది. ఎక్కువైన రాగిని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి పుట్టుకతోనే ఆ పని సరిగా జరగదు. రాగి ఏళ్ల తరబడి కాలేయంలో, తరువాత మెదడులో పేరుకుంటుంది. అందుకే చిన్నప్పుడు బాగున్నవారికి కూడా పెద్దయ్యాక వణుకు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం మొదలవుతాయి. కొందరికి ముందుగా కామెర్లు వస్తాయి. కొందరికి ప్రవర్తన మారుతుంది.

రక్తపరీక్ష, 24 గంటల మూత్రపరీక్ష చేస్తారు. కంటి డాక్టరు నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో చూస్తారు.

దీనికి మందు ఉంది. పెనిసిల్లమైన్ రాగిని మూత్రంలో బయటికి పంపుతుంది. జింక్ రాగిని ఒంటికి పట్టనివ్వదు. ఏది, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరుగారు చెబుతారు. ఈ మందులు ఖాళీ కడుపున వేయాలి, రెండూ కలిపి వేయకూడదు. మొదట్లో కొందరికి వణుకు ఎక్కువవుతుంది. భయపడి మీ అంతట మీరు మానేయకండి, వెంటనే వచ్చి చెప్పండి. కార్జం, పీతలు, జీడిపప్పు, చాక్లెట్లు తగ్గించండి. రాగి చెంబులో నీళ్లు వద్దు.

నేను చూసిన ఒక అబ్బాయి మందులతో కోలుకుని మళ్లీ సైకిలు తొక్కాడు. పెళ్లి కుదిరింది. మాత్రలు చూస్తే సంబంధం తప్పిపోతుందని పెద్దలు మానిపించారు. కొన్ని నెలలకు మంచం మీద మోసుకొచ్చారు. అప్పుడు మందు ఇచ్చినా మునుపటిలా మాట రాలేదు. ఆ తల్లి ముఖం నేను మరచిపోలేను. బాగైంది అంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. మందు జీవితాంతం వాడాలి. గర్భిణులు కూడా సొంతంగా మానకూడదు.

చివరిగా ఒక్క మాట. ఇది తల్లి నుంచి, తండ్రి నుంచి, ఇద్దరి నుంచీ లోపం వస్తేనే కలిగే జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. రోగి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 4లో 1 వంతు ప్రమాదం ఉంది. వాళ్లు బాగానే కనిపించినా తీసుకురండి. వణుకు రాకముందే మందు మొదలుపెడితే చాలావరకు అది రాకుండానే కాపాడుకోవచ్చు.