పడుగూ పేకా లాంటి గుర్తు



ఫోను తీయండి. నంబర్లు నొక్కే చోటు చూడండి. అడుగున, 9 కింద ఒక గుర్తు ఉంది. #. నిలువు గీతలు రెండు, అడ్డ గీతలు రెండు. పడుగూ పేకా లాగా లేదూ? దీన్ని హ్యాష్ అంటారు. దీని పక్కన ఒక మాట చేర్చి రాస్తే హ్యాష్‌ట్యాగ్.

పోచంపల్లిలో ఒక నేత అక్క ఉందనుకుందాం. ఇంటాయన మగ్గం నేస్తాడు. అక్క ఆసు పోస్తుంది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. రాత్రికి భుజం లేవదు. చీర మాత్రం సావుకారి చెప్పిన ధరకే పోతుంది. కొనేవాళ్లు ఎవరో అక్కకు తెలియదు. నేసింది ఎవరో కొనేవాళ్లకు తెలియదు.

అక్క చీర ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందులో ఉన్నది చుట్టాలు, తోటి నేతవాళ్లు. వాళ్లిళ్లల్లోనూ చీరలే! ఎవరు కొంటారు?

సంతలో గాజులు ఒక వరుస, కూరగాయలు ఒక వరుస. హ్యాష్‌ట్యాగ్ అంటే అలాంటి వరుస పేరు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల ఆ పేరు వెతికితే, ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా అక్క చీర కనిపించే వీలుంది. అకౌంటు అందరికీ కనిపించేలా ఉండాలి సుమా.

ఈ పద్ధతి 2007 ఆగస్టులో మొదలైంది. అమెరికాలో క్రిస్ మెస్సినా అనే ఆయన ట్విట్టర్‌లో ఈ ఆలోచన చెప్పాడు. చేనేతకు కూడా ఇది పనికొచ్చింది. 2016 ఆగస్టులో అప్పటి కేంద్ర జౌళి మంత్రి స్మృతి ఇరానీ 'ఐ వేర్ హ్యాండ్‌లూమ్' అనే హ్యాష్‌ట్యాగ్‌తో తన చీర ఫోటో పెట్టారు. చాలామంది తమ చేనేత బట్టల ఫోటోలు పెట్టారు.

మరి అక్క ఏం రాసింది? "#పోచంపల్లి చీర" అని రాసింది. మధ్యలో ఖాళీ వదిలింది. ఖాళీ వస్తే ట్యాగ్ అక్కడే తెగుతుంది, పోగు తెగినట్టు. 'పోచంపల్లి' ఒక్కటే మిగిలింది. "#పోచంపల్లిచీర" అని కలిపి రాయాలి. లేదా మధ్యలో కింది గీత పెట్టాలి: "#పోచంపల్లి_చీర".

ఉత్త "#చీర" అంటే సముద్రం. అందులో అక్క చీర ఎవరికి దొరుకుతుంది? ఊరి పేరు, నేత పేరు, చీర రకం చేర్చాలి. మూడో నాలుగో చాలు. తెలుగులో ఒకటి రాస్తే తెలుగువాళ్లు వెతుక్కుంటారు. ఇంగ్లీషులో ఒకటి రాస్తే ఢిల్లీ వాళ్లకూ దొరుకుతుంది. అది రాయడానికి పిల్లల సాయం తీసుకుంటే తప్పేమీ లేదు. సినిమా హీరో పేరు తగిలిస్తే చూసేవాళ్లు వస్తారేమో, కొనేవాళ్లు రారు. మరమగ్గం చీరకు చేనేత ట్యాగ్ పెట్టడం మాత్రం మోసమే. ఆ దెబ్బ అక్కకే తగులుతుంది.

ఫోటో వెలుతురులో తీయాలి. ధర రాయాలి. ఆసు పోస్తున్న చెయ్యి కూడా చూపిస్తే ఇంకా మంచిది. చీరకు అంత ధర ఎందుకో చూసినవాళ్లకు అర్థమవుతుంది.

అందరూ చూసే చోట దొంగలూ చూస్తారు. "డబ్బు పంపుతున్నా, పిన్ నొక్కు" అంటారు. డబ్బు రావడానికి పిన్ నొక్కక్కర్లేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే.

సరే, ఇప్పుడు # నొక్కండి. పక్కనే మీ ఊరి పేరు రాయండి. ఖాళీ వదలకండి.