తొలి వేయిమంది శ్రోతలు

క్రొత్త గాయకుడు పుట్టుట ఒక ఎత్తు. అతని పాట మన చెవిని బడుట మఱియొక ఎత్తు. పాట కట్టుటకు ప్రతిభ చాలును. పరుల చెవికి చేర్చుటకు ప్రతిభ యొక్కటియే చాలదు. దానిని రికార్డుగా వెలువరించువాడు కావలెను; అమ్మువాడు కావలెను; ప్రసారము చేయువాడు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విని సంతోషించి, ఆ సంతోషమును ప్రక్కవానితో పంచుకొను మనిషి కావలెను. ఈ నాలుగవ మనిషిని గూర్చియే మేమిప్పుడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఆంగ్లదేశమున 'ఇండీ' సంగీతమను మాట చాలకాలముగా వాడుకలో నున్నది. 'ఇండిపెండెంటు' అను పదమునకు అది కుదింపు. పెద్ద రికార్డు కంపెనీల ప్రాపు లేకుండ, సొంత ఖర్చుతోనో, చిన్న సంస్థల సాయముతోనో పాటలను వెలువరించువారి సంగీతమని దాని తొలి యర్థము. రాను రాను అది యొక బాణీకి కూడ పేరైనది గాని, మనము ఇప్పటికి మొదటి యర్థముననే గ్రహింతము.

ఈ ఉద్యమమునకు దారి చూపినవారిలో మాంచెస్టరు ప్రాంతమునకు చెందిన 'బజ్‌కాక్స్' అను బృందము ముఖ్యమైనది. ఆ యువకులు సుమారు 500 పౌనులు అప్పు చేసి, 1976 డిసెంబరులో నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' అను పేరుతో తామే విడుదల చేసిరి. మొదట తీసినవి 1,000 ప్రతులు మాత్రమే. క్రమముగా 16,000 ప్రతులు చెల్లిపోయినవి. పెద్ద కంపెనీల లెక్కలో అది స్వల్పమే. కాని పెద్ద కంపెనీ గడప త్రొక్కకుండగనే రికార్డు తీయవచ్చునని, అది అమ్ముడుపోవునని ఋజువైనది. దానిని చూచి ఊరూర యువకులు ధైర్యము తెచ్చుకొనిరి. లండనులో జెఫ్ ట్రావిస్ 1976లో తెఱచిన 'రఫ్ ట్రేడ్' వంటి అంగళ్లు ఇట్టి చిన్న రికార్డులకు నిలువనీడ నిచ్చినవి.

ఈ కథలో వేయి అను సంఖ్యను శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదము. దేశము మొత్తము మీద వేయిమంది, అనగా ఒక చిన్న పల్లెటూరి జనాభా పాటి మనుష్యులు, తమ డబ్బుతో ఒక అనామక బృందము పాటను కొని యింటికి తెచ్చుకొన్నచో ఆ బృందము కాలు నిలద్రొక్కుకొనును. లక్షలమంది తరువాత వచ్చిన రావచ్చును, రాకపోవచ్చును. తొలి వేయిమంది రానిచో తక్కినవారు వచ్చు ప్రసక్తియే లేదు.

ఆ తొలి వేయిమందిని సమకూర్చుటలో బ్రిటిషు రేడియోలో జాన్ పీల్ అను వ్యాఖ్యాత చేసిన సేవ మిక్కిలి గొప్పది. ఆయన అసలు పేరు జాన్ రావెన్స్‌క్రాఫ్ట్. 1939లో లివర్‌పూల్ సమీపమున జన్మించెను. యౌవనమున అమెరికాలో కొంతకాలముండి, 1967లో స్వదేశమునకు మఱలి వచ్చి, సముద్రము మీది యోడనుండి ప్రసారము చేయుచుండిన 'రేడియో లండన్' అను కేంద్రమున పని చేసెను. ఆ ఏడు సెప్టెంబరు 30న బి.బి.సి. వారి 'రేడియో వన్' ప్రారంభమైనప్పుడు అందులో చేరి, 2004 అక్టోబరులో పెరూ దేశమున ఆకస్మికముగా మరణించు వఱకు, ముప్పదియేడేండ్లు, అందులోనే కొనసాగెను.

ఆయన కార్యక్రమములకు ఒక విచిత్రమైన నిబంధన తోడ్పడినది. బి.బి.సి.లో రోజునకు ఇన్ని గంటలు మాత్రమే గ్రామఫోను రికార్డులు వేయవలెనని సంగీతకారుల సంఘముతోను, రికార్డు సంస్థలతోను ఒడంబడిక యుండెడిది. మిగిలిన కాలమును పూరించుటకు గాయకులను స్టూడియోకు రప్పించి పాడింపవలసి వచ్చెను. ఇతరులకు ఇబ్బందిగా తోచిన ఈ నిబంధన పీల్ కార్యక్రమమునకు వరమైనది. రికార్డు ఒక్కటియైనను తీయని బృందములను సైతము పిలిపించి, సాధారణముగా ఒక్క దినములో నాలుగు పాటల చొప్పున రికార్డు చేయించి ప్రసారము చేసిరి. 2,000కు పైగా గాయకులు, బృందములు ఈ విధముగా 4,000కు మించిన కచ్చేరీలు చేసినట్లు లెక్క. స్టూడియో కిరాయికి డబ్బు లేని కుఱ్ఱవానికి బి.బి.సి. స్టూడియోలో ఒక దినము దొరకుట, దానికి పారితోషికము ముట్టుట, పాట దేశమంతట వినబడుట, ఇవి మూడును ఒక్కసారిగా జరుగుట సామాన్యమా?

మన దేశమునను రికార్డుల కొఱత ఇట్టి మేలునే వేఱొక దారిని చేసినది. 1952లో బి. వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రియైన పిదప ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గినది. పలువురు శ్రోతలు విసిగి రేడియో సిలోను వైపు మఱలిన మాటయు నిజమే. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభమైన మాటయు నిజమే. కాని ఆ లోటును పూరించుటకు ఆకాశవాణి పెంచిన లలిత సంగీతము మూలముననే, సినిమాతో పొత్తు లేని కవుల పాటలు, గాయకుల గొంతులు తెలుగు లోగిళ్లకు చేరినవి. ఆ పని తలకెత్తుకొన్నవారిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారిని తెలుగు శ్రోతలు మఱవజాలరు.

మఱల పీల్ వద్దకు వత్తము. 1978లో ఉత్తర ఐర్లండు కాల్పులతో, ప్రేలుళ్లతో కల్లోలముగా నుండెను. డెర్రీ నగరమునకు చెందిన అయిదుగురు యువకులు 'అండర్‌టోన్స్' అను పేరుతో పాడుచుండిరి. బెల్‌ఫాస్టులో 'గుడ్ వైబ్రేషన్స్' అను రికార్డుల అంగడి నడుపుచుండిన టెర్రీ హూలీ వారి 'టీనేజ్ కిక్స్' అను పాటను రికార్డుగా తెచ్చెను. దానిని చంకను బెట్టుకొని లండనులోని కంపెనీల చుట్టు తిరిగెను గాని పట్టించుకొన్న వారు లేరు. ఆ సెప్టెంబరులో అది పీల్ చేతికి అందినది. ఆయన దానిని ప్రసారము చేసి, పాట ముగిసిన వెంటనే మఱల మొదటినుండి వినిపించెను. ఒక పాటను వరుసగా రెండుమారులు వేయుట రేడియోలో అరుదైన సంగతి. అమెరికాలోని సైర్ రికార్డు సంస్థ అధిపతి సీమూర్ స్టైన్ ఆ పాటను రేడియోలో విని, బృందముతో ఒడంబడిక చేసుకొనెను. ఆ పాట బ్రిటనులోని అమ్మకముల పట్టికలో 31వ స్థానమునకు ఎక్కినది. పీల్‌కు జీవితాంతము అదియే ప్రాణప్రదమైన పాట. సఫక్ మండలమున ఆయన సమాధి ఫలకము మీద అందలి యొక చరణమునే చెక్కిరి.

ఇందు గమనింపదగిన విశేషములు రెండు. మొదటిది, పీల్ ఆ పాట గొప్పతనమును గూర్చి ఉపన్యసింపలేదు, మఱల వినిపించినాడు. తనకు కలిగిన ఆనందమును ఉన్నదున్నట్లు శ్రోత ముందుంచి, తీర్పు శ్రోతకు వదలినాడు. జింబాబ్వే దేశపు 'భుందు బాయ్స్' పాటలను ఆంగ్ల శ్రోతలకు రుచి చూపినప్పుడును ఇదే రీతి. రెండవది, ఆయన అభిమానము ఒకనాటితో తీఱినది కాదు. 'ది ఫాల్' అను బృందము 1978 నుండి 2004 వఱకు ఆయన కార్యక్రమమున 24 పర్యాయములు పాడినది. కనిపెట్టుట ఒక్క దినము పని. కనిపెట్టినదానిని కాపాడుకొనుట ఏండ్ల తరబడి పని.

ఇక నేటి స్థితి చూతము. నేడు రికార్డు వెలువరించుటకు అప్పు చేయ నక్కఱలేదు. ఇంట గూర్చుండి పాడిన పాట ఆ సాయంకాలమునకే ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమంతట దొరకును. దొరకుట వేఱు, వినబడుట వేఱు. లూమినేట్ అను సంస్థ 2023వ సంవత్సరమునకు ప్రకటించిన లెక్క ప్రకారము, ఇంటర్నెట్టు సంగీత భాండాగారములలోని సుమారు 18 కోట్ల 40 లక్షల పాటలలో 4 కోట్ల 50 లక్షలకు పైగా పాటలను ఆ ఏడు ఒక్కరును వినలేదు. స్పాటిఫై అను సంస్థ 2024 నుండి క్రొత్త నియమము పెట్టినది: గడచిన పండ్రెండు నెలలలో కనీసము 1,000 మారులు వినబడని పాటకు ఆదాయములో భాగము లేదు. చూచితిరా, మఱల ఆ వేయియే ఎదుట నిలిచినది! 999 మారులు వినబడిన పాటకు దమ్మిడీ రాదు.

పాటలను ఎంచి యిచ్చుటకు యంత్రములున్నవి గదా యని కొందఱనవచ్చును. ఉన్నవి, అవి చాల నేర్పుగలవి కూడ. కాని మనము నిన్న వినినదానిని బట్టియే అవి నేడు వడ్డించును. పప్పు తినినవానికి మఱల పప్పే వడ్డించినట్లుండును గాని, ఎన్నడును ఎఱుగని కూర నొక్కటి విస్తరిలో వేసి, రుచి చూడుమని బలవంత పెట్టు మేనత్త ప్రేమ వానికెక్కడిది? ఆ బలవంతము మనుష్యుడే చేయవలెను.

కావున ఈ విషయమున ప్రతి గృహస్థునకును కొంత బాధ్యత కలదని మేము తలంచుచున్నాము. అది పెద్ద బరువు కాదు. వారమున కొకమారు, పేరు విననివారి పాట నొకదానిని మొదటినుండి చివఱి వఱకు విందము. మొదటిమారు రుచింపనిచో, రెండవమారు విని చూతము. నచ్చినచో, నచ్చినదని ఒకరికి చెప్పుదము. చెప్పునప్పుడు పది పాటలు ఒక్కమారే నెత్తిన రుద్దక, ఒక్క పాటను చూపి, ఇది వినుడని చెప్పిన చాలును. ఎదుటివారికి నచ్చకపోయినచో నొచ్చుకొనరాదు. వారి చెవి వారిది. వీలైనచో నాలుగు రూపాయలు పెట్టి ఆ పాటను కొందము. 2008లో వెలసిన బ్యాండ్‌క్యాంప్ వంటి ఇంటర్నెట్టు అంగళ్లలో వెలలో అధిక భాగము పాడినవారికే ముట్టును. మన ఊరి సభలో క్రొత్తవారు పాడుచున్నారని తెలిసినచో, వెళ్లి ముందు వరుసలో గూర్చుందము.

పేరు పడిన గాయకునికి మనము చప్పట్లు కొట్టినను, కొట్టకున్నను లోటు లేదు. పేరు పడనివానికి ఒక్క శ్రోత కలసినను అది అతని బలగములో చేరును. ఏ గొప్ప గాయకునకైనను మొదటి వేయిమంది అట్లు ఒక్కరొక్కరుగా చేరినవారే. నేడు ఎక్కడనో ఒక యింట, తలుపు చేరవేసికొని పాడుకొనుచున్న వానికి ఆ వేయిమందిలో కొందఱింకను తక్కువగా నున్నారు. అందులో ఒక స్థానము మనది కావచ్చును.