బి.పి. అంటే కోపమేనా?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తపోటు గురించి అవగాహన కలిగించడానికి ఊళ్ళలోకి, బస్తీల్లోకి వెళ్ళేముందు, ఆ మాట మన ఇళ్ళలో ఎలా తిరుగుతోందో చూద్దాం. ‘నాకు బి.పి. తెప్పించకు’ అంటాం. బి.పి. అంటే కోపం అని స్థిరపడిపోయింది. ఈ అర్థం కూడా ఇంట్లో అందరికీ ఒకేలా వర్తించదు. ‘నాన్నగారికి బి.పి., ఎదురు చెప్పకండి’ అంటే ఇల్లంతా గొంతు తగ్గిస్తుంది. ఆయన కూరలో ఉప్పు తగ్గుతుంది, మాత్రలు వేళకు అందుతాయి. అదే ఇంట్లో కోడలు గొంతు పెంచితే ‘దానికి బి.పి.’ అని నవ్వుతారు. ఆయనకు మర్యాద తెచ్చిన జబ్బు ఆమెకు తిట్టయింది.

ఈ మాట చేసే హాని చిన్నది కాదు. రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. ఎన్నడూ నోరెత్తని మనిషికీ ఉంటుంది. ‘నాకసలు కోపమే రాదు, బి.పి. ఎందుకుంటుంది?’ అని పరీక్షకు రాని స్త్రీలు నా పరిశోధనలో ఎందరో కనిపించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 21.3 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా వాళ్ళు దానికి మందులు వాడుతున్నారు. పురుషుల్లో అది 24 శాతం. తేడా ఎంతో లేదు.

వైద్య వ్యవస్థ స్త్రీ చేతికి పట్టీ కట్టేది ఎక్కువగా గర్భం వచ్చినప్పుడే. అది అవసరమే. గుర్రపువాతం తల్లీబిడ్డల ప్రాణాలు తీస్తుంది. కాని కాన్పు అయ్యాక ఆ శ్రద్ధ ఏమవుతుంది? గర్భంలో రక్తపోటు పెరిగిన స్త్రీకి తర్వాతి సంవత్సరాల్లో రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ సంగతి ఆమెకు చెప్పేవారు తక్కువ. గర్భసంచి పని అయిపోగానే మన వైద్యానికి మనిషి కనబడదు. 30 ఏళ్ళు దాటిన వారందరికీ పరీక్ష చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే వేళకు కూలికి పోయిన స్త్రీ ఇంట్లో ఉండదు. మీ సంఘం సాయంత్రం సమావేశాల్లో పరీక్ష పెట్టించగలరేమో ఆలోచించండి.

ఇక నివారణ గురించిన పోస్టర్లు: ఉప్పు తగ్గించు, నడు, మనసు ప్రశాంతంగా ఉంచుకో. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచాలోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సలహా సరైనదే. అయితే అందరికీ వడ్డించి చివర తినే మనిషికి మిగిలేది ఏమిటి? కూర గిన్నె ఖాళీ. అన్నం, ఊరగాయ, మజ్జిగ. ఆవకాయలో ఉప్పెంతో మీకు నేను చెప్పక్కర్లేదు. కనుక ఎవరు ముందు తింటున్నారు, ఎవరికి కూర అందుతోంది అన్న మన పాత ప్రశ్న రక్తపోటు ప్రశ్న కూడా. పొద్దంతా నాట్లు వేసిన మనిషికి ‘నడు’ అని చెప్పడం గురించి, తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇంట్లో ‘ప్రశాంతంగా ఉండు’ అనడం గురించి నేను వేరే మాట్లాడను.

పోస్టర్లలో తరచు రాయనిది ఒకటుంది. నడుం నొప్పికీ మోకాళ్ళ నొప్పికీ మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు రక్తపోటును పెంచగలవు. కొన్ని గర్భనిరోధక మాత్రలూ అంతే. ఎవరికైనా బి.పి. ఉందని తేలితే ముందు ఆమె ఏ మాత్రలు వేసుకుంటోందో అడగండి. బి.పి. మందు వేసుకున్నాక అంకె తగ్గితే అది మందు పని చేస్తోందన్నమాట. జబ్బు పోయిందనుకుని, లేదా ఈ నెల డబ్బుల్లేవని మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. డబ్బు తక్కువైన నెలలో ఆయన మాత్రలు వస్తాయి, ఆమెవి ఆగుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం. లేదంటే ఎందుకు లేదో గుంపుగా వెళ్ళి అడగవలసింది మనమే.

పరీక్ష చేసేటప్పుడు బిగుతు జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టకండి. మూత్రం ఆపుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. అందుకని శిబిరం పెట్టేచోట మరుగుదొడ్డి ఉందో లేదో చూసుకోండి. అయిదు నిమిషాలు వీపు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోనివ్వండి. 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే ఇంకో రోజు మళ్ళీ చూడాలి, డాక్టరు దగ్గరికి పంపాలి. అంకె చీటీ మీద రాసి ఆమె చేతికే ఇవ్వండి, వెంట వచ్చిన భర్తకు కాదు.