భట్టిప్రోలు ఇటుకలు ఏ రోడ్డు కింద ఉన్నాయి?

(తెనాలి సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెనాలిలో రేపల్లె బండెక్కితే దారిలో భట్టిప్రోలు తగులుతుంది. బాపట్ల వైపు పోతే బుద్ధాం అనే ఊరే ఉంది. బుద్ధుడు ఎక్కడో గయలో, కాశీ పక్కన ఉన్నాడనుకుంటాం. మన పొలాల గట్ల మీదే ఉన్నాడు.

భట్టిప్రోలు స్తూపాన్ని జనం ఏమని పిలిచేవారో తెలుసా? లంజదిబ్బ. బుద్ధుని ధాతువులు దాచిన చోటుకు మన నోట మిగిలిన పేరు అది! చరిత్రను పోగొట్టుకున్న జాతి తన తాతల సొత్తును తానే తిట్టుకుంటుంది.

పేరు పోతే పోయింది, ఇటుకలన్నా మిగిలాయా? 19వ శతాబ్దంలో తెల్లదొరల ప్రభుత్వం ఆ ఇటుకలను రోడ్డుకు తోలింది. పాలరాళ్లను వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి వాడింది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వేనాటికి మిగిలింది మొండి దిబ్బ. అయినా దాని కడుపులో మూడు రాతి భరిణెలు దొరికాయి. లోపల స్ఫటికపు బరిణె, బంగారు పూలు, ధాతువులు.

ఆ భరిణెల మీది రాతను బ్యూలర్ పండితుడు చదివాడు. క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటిది. భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మిదే గానీ కొన్ని అక్షరాల తీరు అశోకుని శాసనాలకు భిన్నం. అందుకే దక్షిణాది లిపుల పుట్టుక గురించి మాట్లాడేవాళ్లెవరూ భట్టిప్రోలును దాటిపోలేరు.

అందులో కుబిరకుడనే రాజు పేరుంది. కానీ మేము మీకు చెప్పదలచింది రాజు సంగతి కాదు. ఆ రాతల్లో ఎక్కువ పేర్లు మామూలు మనుషులవి. గోష్ఠి సభ్యులు, నిగమ సభ్యులు, వాళ్ల తండ్రుల పేర్లు. ఆడవాళ్ల దానం కూడా రాతికెక్కింది. అంటే ఇది పదిమంది కూడి నిలబెట్టుకున్న కట్టడం.

ఇవాళ ఆ ధాతువు ఎక్కడుంది? 1920లో కలకత్తా ధర్మరాజిక విహారానికి చేరింది. భరిణెలు మద్రాసు మ్యూజియానికి పోయాయి. ఇటుకలు రోడ్డు కింద. మనకు మిగిలింది దిబ్బ.

సర్కారు కంచె వేసి బోర్డు పెడితే బాధ్యత తీరదు. ఆ పేర్లను తెలుగులో చెక్కించి స్తూపం దగ్గర నిలబెట్టాలని అడుగుదాం. అంతకంటే ముందు, వచ్చే ఆదివారం మన పిల్లల్ని రేపల్లె బండెక్కిద్దాం. వాళ్ల నోట ఆ దిబ్బకు మర్యాదైన పేరు పలికిద్దాం.